పోస్టు మనది, పర్యవసానం ఎవరిది?

(మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



'సామాజిక మాధ్యమాల్లో పాటించాల్సిన మర్యాదలు - వ్యక్తులుగా, కార్యకర్తలుగా' అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంశం చూడగానే 'మర్యాద' అనే మాట దగ్గర ఆగిపోయాను. మన సమాజం ఈ మాటను మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ నేర్పింది. గట్టిగా నవ్వకూడదు, ఎదురు చెప్పకూడదు, ఇంటి గుట్టు రచ్చకెక్కించకూడదు. భర్త కొట్టాడని బయటికి చెప్పిన స్త్రీ మర్యాద తప్పినదవుతుంది. కొట్టినవాడు మాత్రం మర్యాదస్తుడిగానే చెలామణీ అవుతాడు. ఇప్పుడు ఆ రచ్చబండ మన అరచేతిలోకి వచ్చింది. స్త్రీలు అందులో మాట్లాడుతున్నారు. మాట్లాడగానే మళ్ళీ అదే మర్యాద పాఠం మొదలవుతోంది.

ఈ పాఠం చెప్పేది ఇంట్లోవాళ్ళే కాదు, రాజ్యం కూడా. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి నగరం ఎందుకు మూతపడాలని మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ పోలీసులు అరెస్టు చేశారు. అప్పట్లో ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షన్ ఉండేది. ఎవరికైనా చికాకు కలిగించే సందేశం పంపినా దాని కింద నేరమే. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. చికాకు కలిగించకుండా స్త్రీల హక్కుల గురించి మాట్లాడటం ఎలాగో నాకైతే తెలియదు. మనం చేసే పనే చాలామందికి చికాకు.

కాబట్టి నేను ఈ రోజు మాట్లాడబోయే మర్యాదకు, నోరు మూయించే ఆ మర్యాదకు సంబంధం లేదు. నేను మీ ముందు పెట్టదలచుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. పోస్టు పెట్టేది మనం. దానివల్ల దెబ్బ తగిలితే ఎవరికి తగులుతుంది? నాకే తగిలేదైతే, పెట్టాలో వద్దో నిర్ణయించుకునే హక్కు నాది. మరొక స్త్రీకి తగిలేదైతే ఆ హక్కు ఆమెది. ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఆ నిర్ణయాన్ని ఆమె తరఫున నేను తీసుకోకూడదు. మిగతా విషయాలన్నీ ఈ ప్రశ్నలోంచే వస్తాయి.

తన కథ తాను చెప్పుకునే హక్కు

మొదట సొంత కథ సంగతి చూద్దాం. 2012లో కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్ సామూహిక అత్యాచారానికి గురైన సుజెట్ జోర్డాన్ 2013లో తన పేరుతో, తన ముఖంతో ముందుకొచ్చింది. 'పార్క్ స్ట్రీట్ బాధితురాలు' అనే ముద్రతో బతకనని చెప్పింది. 1992లో రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి మొదటినుంచీ సొంత పేరుతోనే పోరాడింది. ఆ కేసు నేపథ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2018 అక్టోబరులో మన దేశంలో 'మీ టూ' వచ్చినప్పుడు ఎందరో స్త్రీలు ఏళ్ళ తరబడి దాచుకున్నది ఫోన్లలో రాశారు. జర్నలిస్టు ప్రియా రమణి మీద అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ పరువు నష్టం కేసు వేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. దశాబ్దాల తర్వాతైనా సరే, తనకు నచ్చిన వేదిక మీద తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది.

తన కథ తాను చెప్పుకునే స్త్రీకి భాష గురించీ, సమయం గురించీ, వేదిక గురించీ పాఠాలు చెప్పే పని మనం పెట్టుకోవద్దు. ఆమె అడిగితే చట్టం ఏం చెబుతుందో చెప్పాలి. పరువు నష్టం కేసు పడవచ్చు, సాక్ష్యాలు భద్రపరుచుకో అని హెచ్చరించాలి. రాసిన తర్వాత వచ్చే బూతుల్లో ఆమెను ఒంటరిగా వదలకూడదు. మన బాధ్యత అంతవరకే.

ఆమె కథ మనం చెప్పేటప్పుడు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మన సంఘాల్లో, సంస్థల్లో పనిచేసేవాళ్ళం రోజూ ఇతర స్త్రీల జీవితాల మధ్య తిరుగుతాం. వాళ్ళ దుఃఖం మనకు కేసు అవుతుంది, నివేదిక అవుతుంది, ఇప్పుడు పోస్టు కూడా అవుతోంది.

కొంచెం చరిత్ర గుర్తు చేసుకుందాం. 1978లో హైదరాబాద్‌లో రమీజా బీ పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైంది, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. నేను పుట్టకముందు సంగతి ఇది, చదివి, పెద్దవాళ్ళను అడిగి తెలుసుకున్నదే. విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్ళు ఆమె శీలాన్నే బోనులో నిలబెట్టారు. మరుసటి ఏడాది మధుర కేసు తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. ఆ రోజుల్లో పెరిగిన స్త్రీల ఉద్యమం ఫలితంగా 1983లో అత్యాచార చట్టం మారింది. అప్పుడే ఐపీసీలో 228ఎ అనే సెక్షన్ చేరింది. అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసే వివరాలు గానీ ప్రచురించడం నేరమని అది చెప్పింది. ఈ రక్షణ వెనుక మన ఉద్యమం ఉంది. దాన్ని మనమే ఉల్లంఘించడం ఎంత విషాదమో ఆలోచించండి.

ఆనాటి గోడపత్రిక వానకు తడిసి రాలిపోయేది. కరపత్రం ఆ ఊళ్ళో, ఆ వారంలో చదివేవాళ్ళకు పరిమితం. ఈనాటి పోస్టుకు ఊరు లేదు, గడువు లేదు. మనం తీసేసినా అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. పదేళ్ళ తర్వాత ఆమె కూతురు తన తల్లి పేరు ఫోన్‌లో కొట్టి చూసినా అది దొరకవచ్చు.

2019 నవంబరు చివర శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య మనందరికీ గుర్తున్నదే. కొద్ది గంటల్లోనే ఆమె పేరు, ఫోటో దేశమంతా తిరిగాయి. సామాన్యులు పెట్టారు, సినిమావాళ్ళు పెట్టారు, హక్కుల గురించి మాట్లాడేవాళ్ళూ పెట్టారు. ఆ తర్వాత పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవమని కోరారు. అప్పటికే చేతులు దాటిపోయింది. ఆమె ఫోటో చుట్టూ పోగైన ఆగ్రహం ఎటు దారితీసిందో కూడా చూశాం. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే చాలామంది పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే వాళ్ళ మీద కాల్పులు జరిపారని అది తేల్చింది. ఫోటో పంచుకున్న ప్రతి ఒక్కరూ ఎన్‌కౌంటర్ కోరారని నేననడం లేదు. కానీ చనిపోయిన ఆ అమ్మాయి ముఖం ఆ హడావుడికి జెండా అయింది. ఆమెను అడిగే వీలు ఎవరికీ లేదు.

చట్టం ఇప్పుడు ఎక్కడుందో క్లుప్తంగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 228ఎ స్థానంలో 72వ సెక్షన్ ఉంది. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. బతికున్న వయోజన స్త్రీ తన పేరు చెప్పడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. చనిపోయిన స్త్రీ విషయంలో కుటుంబం ఒప్పుకుందన్న మాట సరిపోదని నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సెషన్స్ జడ్జి అనుమతి కావాలంది. సామాజిక మాధ్యమాలకూ ఇది వర్తిస్తుందంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిది. పేరు, చిరునామా, ఫోటోతోపాటు కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు - వీటిలో ఏదీ బయటికి రాకూడదు. కఠువా బాలిక పేరు, ఫోటో వేసిన మీడియా సంస్థలను 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక్కొక్కటీ 10 లక్షల రూపాయలు కట్టమని ఆదేశించింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. చట్టం 'పేరు' అని మాత్రమే అనడం లేదు, 'ఎవరో తెలిసే వివరాలు' అంటోంది. మనవాళ్ళు ముఖం మసక చేసి, పని అయిపోయిందనుకుంటారు. వెనుక బడి బోర్డు కనిపిస్తూ ఉంటుంది. ఇంటి ముందు బండి నంబరు ఉంటుంది. 'ఫలానా మండలంలో, ఫలానా కులానికి చెందిన పదహారేళ్ళ బాలిక, తండ్రి ఆటో డ్రైవరు' అని రాస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. కానీ ఆ ఊరికి మొత్తం తెలుస్తుంది. ఆ అమ్మాయి బతకాల్సింది ఆ ఊళ్ళోనే. పరిశోధనలో మేము మనుషుల పేర్లే కాదు, ఊరి పేరు కూడా మారుస్తాం. అవసరమైతే పిల్లల సంఖ్య, వృత్తి కూడా మారుస్తాం. సొంత ఊరివాళ్ళు చదివినా గుర్తుపట్టలేకపోతేనే దాచినట్టు లెక్క. పోస్టుకూ అదే కొలత.

'మీ ఇష్టం మేడమ్'

ఇందాక టీ విరామంలో ఒక కార్యకర్త అడిగారు, "మేము సంతకం తీసుకునే ఫోటో పెడుతున్నాం కదా మేడమ్" అని. మంచి ప్రశ్న. సంతకం ఎప్పుడు తీసుకున్నాం? రాత్రి పదింటికి పిల్లలతో వచ్చి ఆశ్రయం అడిగినప్పుడు, చేరిక ఫారాలతో కలిపి తీసుకున్నాం. ఆ కాగితం ఏ భాషలో ఉంది? చాలాచోట్ల ఇంగ్లీషులో. ఆమె ఏమంది? "మీ ఇష్టం మేడమ్" అంది. తల దాచుకునే చోటు మన చేతిలో ఉన్నప్పుడు ఆమె ఇంకేమంటుంది? పట్టా కోసం వీఆర్వో దగ్గరికి, పింఛను కోసం సర్పంచి దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా ఆమె అనేది అదే మాట. మన దగ్గర కూడా అదే మాట అంటోందంటే మన మధ్య ఉన్న సంబంధం ఏమిటో మనం ఆలోచించుకోవాలి. 'మీ ఇష్టం' అనేది సమ్మతి కాదు. తన ఇష్టం ఏమిటో చెప్పే స్థితిలో ఆమె ఇంకా లేదని దానికి అర్థం.

సమ్మతి అడిగే పద్ధతి ఒకటి ఉంది. సాయం అందిన తర్వాత, ఆమె కుదుటపడిన తర్వాత అడగాలి. కాదన్నా సాయం ఆగదని మొదటే చెప్పాలి. పెట్టబోయే పోస్టును ఫోన్‌లో చూపించి, చదివి వినిపించాలి. 'సామాజిక మాధ్యమాల్లో వినియోగం' అంటే ఆమెకు అర్థం కాదు. "ఇది మీ అత్తగారి ఊరివాళ్ళు చూడొచ్చు, మీ ఆయన వకీలు కోర్టులో చూపించొచ్చు, రేపు మీ పిల్లల బళ్ళో ఎవరైనా చూడొచ్చు" అని చెబితే అర్థమవుతుంది. వెంటనే జవాబు చెప్పమనకూడదు. వారం తర్వాత మళ్ళీ అడగాలి. తర్వాత వద్దంటే ఆ రోజే తీసేయాలి. అయితే ఇతరుల దగ్గరికి చేరినదాన్ని మనం తీయలేమని ముందే నిజం చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చేదై ఉండాలనీ, ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకోగలగాలనీ అంటోంది. చట్టం చెప్పకపోయినా స్త్రీ శరీరం విషయంలో సమ్మతి గురించి ఊరూరా చెప్పేది మనమే. ఆమె ముఖం విషయంలో ఆ సూత్రం మరిచిపోతే ఎలా?

దాతల కోసం తీసే ఫోటోల గురించి కూడా ఒక మాట. కుట్టుమిషను అందుకుంటూ, బియ్యం సంచి పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ స్త్రీ, పక్కన నవ్వుతూ మనం. దాతకు లెక్క చూపాలి, నిజమే. కానీ లెక్క చూపడానికి రశీదులున్నాయి, రిజిస్టరు ఉంది. ఆమె పేదరికమే రశీదు కానక్కరలేదు. ఇలాంటి ఫోటోలు తప్పనిసరిగా పంపమనే దాతతో మాట్లాడటం సంస్థ నాయకత్వం చేయాల్సిన పని. ఆ భారాన్ని ఫీల్డు కార్యకర్త మీద వేయకూడదు.

ఖండించడానికే అయినా

మరో చిక్కు ప్రశ్న. అన్యాయాన్ని బయటపెట్టడానికి దృశ్యం అవసరమైతే? 2023 మే 4న మణిపూర్‌లో ఇద్దరు కుకీ స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించారు. ఆ నెలలోనే ఫిర్యాదు నమోదైంది, అరెస్టులు జరగలేదు. జూలై 19న వీడియో బయటికి రాగానే దేశం కదిలింది, మరునాడు మొదటి అరెస్టు జరిగింది. వీడియో రాకపోతే ఏమయ్యేదో ఊహించవచ్చు. అలాగని దాన్ని లక్షలమంది చూడటం ఆ స్త్రీల మీద జరిగిన హింసకు కొనసాగింపు కాదా? రెండూ నిజమే. దీనికి సులువైన జవాబు నా దగ్గర లేదు. అయితే ఒక్క విషయం చెప్పగలను. అలాంటి దృశ్యం పోలీసులకు, కోర్టుకు, కమిషన్లకు సాక్ష్యం. అక్కడికి చేర్చాలి. మన పేజీ మీద దాన్ని మళ్ళీ చూపించనవసరం లేదు. ఏం జరిగిందో మాటల్లో రాస్తే చాలు.

మార్ఫింగు చేసిన ఫోటోల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి మొదటి రోజున 'బుల్లీ బాయి' పేరుతో ముస్లిం స్త్రీల ఫోటోలను వేలానికి పెట్టినట్టు చూపించారు. రాసేవాళ్ళు, ప్రశ్నించేవాళ్ళు, కార్యకర్తలు - ఏరి ఏరి పెట్టారు. "చూడండి ఎంత దారుణమో" అంటూ ఆ స్క్రీన్‌షాట్లనే పంచుకుంటే, చేసినవాడికి కావలసిన ప్రచారం మనమే చేసినట్టు. మన సహచరి మీద అలాంటి దాడి జరిగితే స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం భద్రపరచాలి. ఆమె ఒప్పుకుంటే పోలీసు ఫిర్యాదు చేయాలి. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి, దేశవ్యాప్తంగా సైబర్ నేరాల పోర్టల్ ఉంది. అశ్లీల చిత్రాల మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు గడువు పెట్టాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి తాజా గడువు ఎంతో వకీలును అడగండి. ఆమె పక్షాన రాయాలనుకుంటే ఆ చిత్రం లేకుండా, ఆమె చేసిన పని గురించి రాయండి.

గ్రూపుల సంగతి

వాట్సాప్ గ్రూపును చాలామంది పోస్టుగా లెక్కించరు. 'మన గ్రూపే కదా' అనుకుంటారు. మండలం గ్రూపులో అంగన్‌వాడీ టీచర్లుంటారు, ఆశా కార్యకర్తలుంటారు, సఖి కేంద్రం సిబ్బంది, పోలీసులు, విలేకరులు, ఒక్కోసారి రాజకీయ నాయకులుంటారు. 'బాల్యవివాహం ఆపాం, అమ్మాయి పేరు ఇది, తండ్రి పేరు ఇది' అని ఫోటోతో సహా ఆ గ్రూపులో పడుతుంది. లైంగిక నేరాలకు సంబంధించిన ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్లలో కూడా పెట్టకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. మనం ఎఫ్‌ఐఆర్ కాపీని పేజీలు పేజీలుగా ఫోటో తీసి గ్రూపులో వేస్తున్నాం. గ్రూపులో 'కేసు విషయం, ఫోన్ చేయండి' అని పెడితే చాలు. వివరాలు సంబంధించిన ఒకరిద్దరితో నోటితోనే చెప్పుకోవచ్చు. కేసుకు ఒక నంబరు పెట్టుకోండి.

ఆచూకీ విషయం మరీ ప్రాణాంతకం. ఇల్లు వదిలి వచ్చిన స్త్రీని వెతుకుతూ భర్త తిరుగుతుంటాడు. కులాంతర వివాహం చేసుకున్న జంటను వెతుకుతూ తండ్రులు, అన్నలు తిరుగుతుంటారు. కులం పేరుతో ఎంతకు తెగిస్తారో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో చూశాం. గర్భవతి అయిన భార్య కళ్ళముందే ఆ యువకుణ్ణి నరికించారు. అందుకని ఆదర్శ వివాహం చేయించామన్న సంతోషంతో ఆ జంట ఫోటోను, ఊరి పేరును అదే రోజు పెట్టొద్దు. ఎప్పుడు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ ఇద్దరే చెప్పాలి. శిబిరాల్లో, ఆశ్రయ గృహాల్లో దిగే సెల్ఫీల వెనుక ఎవరున్నారో చూసుకోండి.

సంస్థ పేరు, కార్యకర్త జీవితం

ఇక ఉద్యోగ జీవితం, వ్యక్తిగత జీవితం. సంస్థ పేజీలో రాసేది సంస్థ మాట. అది ఎవరు రాస్తారో, ఎవరు చూసి ఒప్పుకుంటారో ముందే తేల్చుకోవాలి. నా సొంత ఖాతాలో రాసేది నా మాట. కానీ 'ఇవి నా వ్యక్తిగత అభిప్రాయాలు' అని ఒక వాక్యం తగిలించినంత మాత్రాన ఊళ్ళో జనం మనల్ని రెండు ముక్కలుగా చూడరు. పని ద్వారా తెలిసిన రహస్యం సొంత ఖాతాలోకి రాకూడదు. పేరు లేకుండా, కవితగా రాసినా సరే, ఆమె గుర్తుపట్టేటట్టు ఉంటే రాకూడదు. ఫిర్యాదుల కమిటీల్లో ఉన్నవాళ్ళకు ఇది చట్టం కూడా. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షులు, విచారణ వివరాలు ఏవీ బయటపెట్టకూడదు. న్యాయం జరిగిందన్న సంగతిని మాత్రం ఎవరి గుర్తింపూ తెలియకుండా చెప్పవచ్చు.

అయితే ఇదే సాకుతో సంస్థలు కార్యకర్తల జీవితాల మీద కాపలా కాయడం నేను చూస్తున్నాను. ఫీల్డు కార్యకర్త పండక్కి డాన్సు చేసి రీల్ పెడితే, "సంస్థ పరువు పోతుంది, తీసెయ్యి" అంటారు. విడాకులు తీసుకున్న అమ్మాయి స్నేహితుడితో ఫోటో పెడితే, "కౌన్సెలింగ్ చేసేదానివి, జనం ఏమనుకుంటారు" అంటారు. పరువు, జనం ఏమనుకుంటారు - ఈ మాటలు మనం ఎవరి నోట విని వచ్చాం? వాటితో పోరాడటానికే కదా సంఘాలు పెట్టుకున్నాం. ఆ రీల్ వల్ల మరో స్త్రీకి హాని లేనప్పుడు అది ఆ కార్యకర్త ఇష్టం.

మన పోస్టుల్లో మరో వింత కూడా ఉంది. పేరు దాచాల్సిన బాధితురాలి పేరు బయటికొస్తుంది. పేరు చెప్పాల్సిన కార్యకర్త పేరు మాయమవుతుంది. రాత్రంతా పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నది మండల కార్యకర్త. పోస్టులో ఉండేది డైరెక్టర్ పేరు, 'మా క్షేత్రస్థాయి సిబ్బంది' అనే ముక్క. ఆమెను అడిగి, ప్రమాదం లేకపోతే ఆమె పేరు రాయండి. అది కూడా మర్యాదే.

మనలో మనం

చివరగా, మన మధ్య వచ్చే గొడవలు. 2017 అక్టోబరులో యూనివర్సిటీ అధ్యాపకుల మీద వేధింపుల ఆరోపణలతో ఒక జాబితా ఫేస్‌బుక్‌లో వచ్చింది. కొందరు సీనియర్ స్త్రీవాదులు విచారణ లేకుండా పేర్లు పెట్టడం సరికాదని, జాబితా వెనక్కి తీసుకోమని ప్రకటన ఇచ్చారు. విచారణ కమిటీలు తమకు ఎన్నడూ న్యాయం చేయలేదని యువతులు, ముఖ్యంగా దళిత బహుజన స్త్రీలు తిరిగి ప్రశ్నించారు. న్యాయ ప్రక్రియ అవసరం లేదని నేను అనను. ఆరోపణకు గురైన మనిషికీ జవాబు చెప్పుకునే హక్కు ఉంది. కానీ ఒక అమ్మాయి పద్ధతి బాగాలేదని చెప్పేముందు, ఆమెకు మనం తెరిచి ఉంచిన తలుపులెన్నో లెక్క చూసుకోవాలి.

విభేదం ఉంటే వాదించండి, గట్టిగానే వాదించండి. నమ్మకంతో చెప్పిన మాటను స్క్రీన్‌షాట్ తీసి పదిమందిలో పెట్టకండి. కులాన్ని, యాసను, ఇంగ్లీషు రాకపోవడాన్ని ఎత్తిచూపి నవ్వకండి. అది ఎవరికి తగులుతుందో మనకు తెలుసు.

మిత్రులారా, సామాజిక మాధ్యమాల్ని వదిలేయమని నేను చెప్పడం లేదు. వదిలేస్తే ఆ రచ్చబండ మళ్ళీ వాళ్ళదే అవుతుంది. మన మాట అక్కడ వినిపించాలి, ఇంకా గట్టిగా వినిపించాలి. ఆ మాటకు మరో స్త్రీ మూల్యం చెల్లించకూడదు, అంతే.

భోజనాల తర్వాత జిల్లాలవారీగా కూర్చుంటాం కదా. అప్పుడు మీ సంస్థ పేజీలో ఈ ఏడాది పెట్టిన ఫోటోలన్నీ వెనక్కి జరిపి ఒక్కసారి చూడండి. వాటిలో ఏవి ఈ రోజే తీసేయాలో నిర్ణయించుకోండి. ఎవరెవరి దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడగాలో రాసుకోండి. రాసుకునేది నోటు పుస్తకంలో, గ్రూపులో మాత్రం వద్దు.

సెలవు.